చిన్న వయసులో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: చూడాల్సింది వయసా, స్టేజా?

పద్మజ: ముప్పై ఐదేళ్లలోపు వస్తే ఇది మొండి జబ్బే అంటాను. చిన్నవాళ్లలో అడినోకార్సినోమా (గ్రంథి కణాల నుంచి పుట్టే క్యాన్సర్) వాటా ఎక్కువ. అది ముఖద్వారం లోపలి కాలువలో పుడుతుంది, పాప్ స్మియర్‌కు (ముఖద్వారం నుంచి గీరి తీసిన కణాల పరీక్షకు) సరిగా చిక్కదు.

శ్రీధర్: అది కణాల రకం సంగతి పద్మజగారూ, వయసు సంగతి కాదు. వయసు మీద అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. స్టేజీ కలిపి చూస్తే చాలావాటిలో చిన్నవాళ్లకూ పెద్దవాళ్లకూ మధ్య తేడా తగ్గిపోతుంది. స్టేజీ తేల్చే 2018 ఫిగో (అంతర్జాతీయ స్త్రీ వైద్యుల సమాఖ్య) వర్గీకరణ గడ్డ 2 సెం.మీ. దాటిందా, 4 దాటిందా, లింఫు గ్రంథులకు పాకిందా అని చూస్తుంది. వయసు అడగదు.

కిరణ్: స్మియర్‌కు చిక్కకపోతే హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్) పరీక్ష ఉందిగా?

పద్మజ: చాలావరకు పట్టిస్తుంది. హెచ్‌పీవీతో పనిలేని అడినో రకాలూ కొన్ని ఉన్నాయి, అవి తప్పించుకుంటాయి. శ్రీధర్‌గారూ, ఫిగో అడగకపోతే వయసుకు విలువే లేదా? కలయిక తర్వాత రక్తం పడుతోందని పాతికేళ్ల అమ్మాయి వస్తే ‘గర్భనిరోధక మాత్రల వల్లేలే’ అని పంపేస్తున్నారు. ఇరవై నుంచే అందరికీ స్క్రీనింగ్ (లక్షణాలు లేకపోయినా చేసే పరీక్ష) పెట్టాలి.

శ్రీధర్: వద్దండి. ఆ వయసులో హెచ్‌పీవీ చాలామందికి సోకుతుంది, ఒకటి రెండేళ్లలో ఎక్కువమందికి దానంతటదే పోతుంది. సిన్-2 (క్యాన్సర్‌కు ముందు దశ, మధ్యస్థం) మార్పుల్లో సుమారు సగం రెండేళ్లలో తగ్గిపోతాయి. కనబడినదల్లా లీప్‌తో (కరెంటు తీగతో ఆ భాగాన్ని కోసి తీసే పద్ధతి) 10 మి.మీ. కంటే లోతుగా కోస్తే, తర్వాత నెలలు నిండకుండానే కాన్పయ్యే ముప్పు పెరుగుతుంది.

పద్మజ: కోత లోతు ఎవరడిగారు? రక్తం పడుతున్నవాళ్ల గురించి నేను మొత్తుకుంటుంటే!

శ్రీధర్: వాళ్లకు కావాల్సింది అసలు స్క్రీనింగ్ కాదు. స్పెక్యులం (యోనిని తెరిచి చూసే పరికరం) వేసి ముఖద్వారాన్ని కళ్లతో చూడాలి. ముట్టుకుంటే రక్తం కారే గడ్డ ఉంటే బయాప్సీ ముక్క తీయాలి, అదీ కుళ్లిన నడిమి భాగం నుంచి కాదు, అంచు నుంచి. అక్కడ స్మియర్‌తో సరిపెడితే రక్తం, చచ్చిన కణాలే స్లైడు నిండా ఉండి క్యాన్సర్ కనబడకుండా పోవచ్చు.

కిరణ్: మరి ఇద్దరూ చెప్పేది ఒకటేగా?

పద్మజ: కాదు. ‘వయసుతో పనిలేదు’ అనే మాట వింటే ‘ఈ వయసులో క్యాన్సరేంటి’ అని స్పెక్యులం పక్కన పెట్టేస్తారు. నా కోపం దానిమీద. 2 సెం.మీ. లోపు దొరికితే, గ్రంథులకు పాకకపోతే, చాలామందికి ట్రాకెలెక్టమీ (ముఖద్వారాన్ని తీసేసే ఆపరేషన్) చేసి గర్భసంచి నిలపొచ్చు. 4 దాటితే సాధారణంగా రేడియేషన్, వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు.

శ్రీధర్: ఒప్పుకుంటాను. అండాశయాలను రేడియేషన్‌కు ముందే దాని దారి నుంచి పైకి జరిపి కొందరిలో కాపాడొచ్చు. రేడియేషన్ తిన్న గర్భసంచి మాత్రం బిడ్డను మోయలేదు. అయినా ఇరవైకే అందరికీ స్క్రీనింగ్ అంటే ఒప్పుకోను.

పద్మజ: సరే, దానికి వేరే థ్రెడ్ పెడతాను. అక్కడికి రండి.