ఫంక్షన్ పరామితి పేర్లలో విభక్తులు ఉండొచ్చా?

స్వర్ణముఖి (తిరుపతి): మా వీధి పిల్లోళ్ళకి పైథాన్ ప్రోగ్రామింగ్ భాష నేర్పిస్తా ఉండాను. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు కదా. బస్సు ఛార్జీ లెక్కకి ఛార్జీ(ఊరు1, ఊరు2) అని ఫంక్షన్ రాసినారు. ఎక్కే ఊరేదో దిగే ఊరేదో తెలిస్తేగా! బ్రాకెట్లో ఉండే ఆ రెండు పరామితులకి ఏం పేర్లు పెడితే బాగుంటుంది?

తలకోన: ప్రారంభ_స్థానం, గమ్య_స్థానం.

నీవా (చిత్తూరు): గెజిట్ మాదిరి ఉండాది సామీ. కండక్టర్ని ‘చిత్తూరికి ఒకటి’ అనే కదా అడిగేది. తిరుపతి నుంచి చిత్తూరికి అన్నా, చిత్తూరికి తిరుపతి నుంచి అన్నా ఒకటే. అర్థాన్ని మోసేది వరస కాదు, విభక్తి. పైథాన్‌లో విలువని పేరుతో సహా పంపినా అంతే, వరస ఎట్లున్నా ఫరవాలేదు. కాబట్టి:

ఛార్జీ(ఎక్కడికి="చిత్తూరు", ఎక్కడ్నుంచి="తిరుపతి")

ఫంక్షన్ నిర్వచనంలో పేర్లన్నిటికీ ముందు విడిగా ఒక * పెట్టి కామా కొట్టేస్తే పేరు చెప్పకుండా పిలవడం కుదరదు. పిల్లోళ్ళకి అదే మేలు. ఇంగ్లీషులో రాసేవాళ్ళకి ఈ సుఖం లేదు. ‘ఫ్రమ్’ పైథాన్ తనకోసం ఉంచుకున్న మాట, పేరుగా పెట్టనీదు. చివర అండర్‌స్కోర్ తగిలించుకోవాల్సిందే.

తలకోన: ఒప్పుకున్నా. ఎవరో ఒకరు అడిగేలోపు చెప్పేస్తున్నా: చిన్నయసూరి లెక్కలో ‘కి’ షష్ఠి, చతుర్థి కాదు.

స్వర్ణముఖి: ‘టిక్కెట్‌ధర’ అని పెడితే తప్పంటోందే?

నీవా: పొల్లు పక్కన ‘ధ’ ఒత్తుగా మారకుండా మధ్యలో కంటికి కనపడని గుర్తొకటి పడుతుంది. పైథాన్‌కి అది పడదు, జావాస్క్రిప్ట్ భాష అయితే ఏమీ అనదు. టిక్కెట్_ధర అని రాసుకోండి.

తొండవాడ: మీరు నయం. మేం గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తాం. అక్కడ ‘ధర’ నడుస్తుంది, ‘బరువు’ నడవదు! పేర్లలోకి అది రానిచ్చేది అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ అంతే. గుణింతాలు, సున్న, పొల్లు యూనికోడ్ (కంప్యూటర్లో అన్ని లిపులకీ వాడే పట్టిక) లెక్కలో అక్షరాలు కావు, వాటికి తగులుకునే గుర్తులు. అంటే అచ్చులూ తలకట్టు అక్షరాలూ ఉన్న మాటలే గతి: నగ, పడవ, గడప. సున్న ఉందని ‘పంట’ కూడా పోయింది.

తలకోన: సర్వలఘు కందం కన్నా కష్టమే! అయితే మీ విభక్తులు?

తొండవాడ: ‘కి’ లేదు, ‘నుంచి’ లేదు. తిరుపతి, చిత్తూరు కూడా పేర్లుగా పనికిరావు. తడ అనే ఊరి పేరు మాత్రం నిక్షేపంగా నడుస్తుంది.