మన దేశానికి సొంత సింఫనీ ఆర్కెస్ట్రా ఉన్నదా? మా బాపు అడుగుతుండు

కాశిబుగ్గ క్లారినెట్:

అందరికీ నమస్తే. మాది వరంగల్ కాశిబుగ్గ. నేను మీసేవ సెంటర్‌ల పనిచేస్త. మా బాపు ముప్పై ఎనిమిదేండ్ల సంది పెండ్లి బ్యాండుల క్లారినెట్టు వాయిస్తుండు. తాత గూడ బ్యాండు మనిషే, యూఫోనియం అనే పెద్ద ఇత్తడి బూర ఊదేటోడు. అది సొట్టలు పడి, పాత దోతి గుడ్డల చుట్టి, ఇప్పటికీ మా అటక మీదనే ఉన్నది.

మొన్న ఆదివారం బాపు అన్నం తింటుంటే ఫోన్‌ల సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా వీడియో పెట్టిచ్చిన. సింఫనీ ఆర్కెస్ట్రా అంటే వయొలిన్లు, ఊదే వాద్యాలు, డ్రమ్ములు అన్నీ కలిపి వాయించే పెద్ద పాశ్చాత్య మేళం. కొంచెం సేపు చూసి ఇడిసిపెడ్తడనుకున్న. కలిపిన ముద్ద చేతులనే ఉన్నది, నోట్లెకు పోలె. ఎవరైనా ముందుగాల వయొలిన్ల దిక్కు చూస్తరు గదా, బాపు కండ్లు నడుమ వరుసకు పోయినయి. "రెండు క్లారినెట్లున్నయి బిడ్డా. ఒకాయన పాడుతుంటే ఇంకొకాయన ఊపిరి పట్టుకొని ఎట్ల కాసుకోని కూసున్నడో చూడు" అన్నడు. చెయ్యి ఎండిపోయింది గాని వీడియో అయిపోయేదాక లేవలె.

లేసినంక నన్ను మూడు అడిగిండు. వీళ్ళు రోజూ ఇదే పని చేస్తరా? నెల జీతమా, ప్రోగ్రాముకు ఇంతనా? ఇది సర్కారుదా? నాకు ఒక్కదానికీ జవాబు తెల్వలె. అంతకుముందు ఇంకో సంగతి: జాతీయ పక్షి, జాతీయ జెండా లెక్క దేశానికో ఆర్కెస్ట్రా ఉంటదా? ఉంటే ఎందుకు పెట్టుకుంటరు?

ఈ ప్రశ్న నాకు ఊకెనే రాలె. బాపు వాళ్ళ బ్యాండుల ఒకప్పుడు పద్నాలుగు మంది, ఇప్పుడు ఆరుగురు. డీజే వచ్చినంక బారాత్‌కు క్లారినెట్టు ఎవలకు ఇనవడ్తది? పోయిన మాఘంల ఒక పెండ్లిల రాత్రి రెండింటి దాక వాయించిపిచ్చి, మిగిలిన పైసలు రేపు అన్నరు. ఆ రేపు ఇంకా రాలె. అసొంటి మనిషి ఆ వీడియో చూసి "కూసోని వాయిస్తుండ్రు, కుర్చీలేసిండ్రు" అన్నడు. ఆ మాట నన్ను ఇడుస్తలేదు. తెలిసినోళ్ళు చెప్పుండ్రి.


సిరిసిల్ల నుంచి భివండి:

అక్కా, మాది సిరిసిల్ల, మా తాతల కాలంలోనే మగ్గాల పనికి భివండి వచ్చినం. నేను నారిమన్ పాయింట్‌లో ఒక ఆఫీసులో లెక్కలు రాస్త. మీ బాపు చూసిన ఆర్కెస్ట్రాను నేను రెండు సార్లు కండ్లార చూసిన.

అది సర్కారుది కాదు. పేరుల ఇండియా ఉన్నది గాని, నడిపించేది ముంబైలో ఎన్‌సీపీఏ అనే కళల సంస్థ. 2006లో ఖుష్రూ సంతూక్ అనే పార్సీ పెద్దమనిషి, కజకిస్తాన్ వయొలిన్ విద్వాంసుడు మరాత్ బిసెంగలియెవ్ కలిసి మొదలుపెట్టిండ్రు. ఏడాది పొడుగునా ఉండదు. ఫిబ్రవరి, సెప్టెంబర్ ప్రాంతంల సీజన్లు నడుస్తయి. వాయించేటోళ్ళల్ల మనోళ్ళు కొందరున్నరు గాని బయటి దేశాల నుంచి వచ్చేటోళ్ళే ఎక్కువ. 2019లో ఇంగ్లండ్ పోయి అక్కడ గూడ కచేరీలు చేసొచ్చిండ్రు.

ముంబైకి ఇది కొత్త గాదు. 1935లోనే మెహ్లీ మెహతా అనే వయొలిన్ ఆయన బాంబే సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టిండు. మరుసటి ఏడు ఆయనకు పుట్టిన కొడుకే జుబిన్ మెహతా. తండ్రి పెట్టిన ఆర్కెస్ట్రా నిలవలె. ఆయన దేశం ఇడిసి ఇంగ్లండ్ పోయి మాంచెస్టర్ హాలే ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించిండు. కొడుకు వియన్నాల చదువుకొని లాస్ ఏంజిలిస్, న్యూయార్క్ ఆర్కెస్ట్రాలకు కండక్టర్ అయిండు, అంటే ముంగట నిలబడి చిన్న కట్టెతోటి అందర్ని నడిపించేటోడు. మనం ఆయన బొమ్మ చూసి మురుస్తం గాని, ఆ తండ్రికి ఇక్కడ నెలనెలా జీతమిచ్చే ఆర్కెస్ట్రా ఒకటుంటే ఆ ఇల్లు ఇక్కడనే ఉండేదేమో అని నాకు ప్రతిసారి అనిపిస్తది.

మీ బాపుకు నచ్చే ముచ్చట ఒకటి చెప్త. మొదలు పెట్టే ముందు ఒకలు లేసి సైగ చేస్తరు. హాలంత నిశ్శబ్దం. అప్పుడు ఓబో అనే వాద్యం ఒక్కటే ఒక్క స్వరం పట్టుకుంటది. సన్నాయి లెక్క రెండు పలకల రీడు దానికి. ఆ స్వరం అందుకొని మొదలు ఊదేటోళ్ళు, తర్వాత తీగలోళ్ళు శ్రుతి చేసుకుంటరు. డెబ్బై ఎనభై మంది ఒక్క సన్నటి స్వరం కిందికి వచ్చి చేరుతరు. నాకు ఆ అర నిమిషానికే టికెట్ పైసలు ముట్టినట్టనిపిస్తది.


హన్మకొండ పాత వయొలిన్:

అమ్మా, నేను రిటైరైన వయొలిన్ మాస్టారును. కొన్నేళ్ళు రేడియోలో కూడా వాయించాను. మీ నాన్నగారి మూడు ప్రశ్నల్లో రెండోదే అసలు ప్రశ్న. దేశాలు ఆర్కెస్ట్రాలు ఎందుకు పెట్టుకున్నాయన్న దానికి జవాబు కూడా ఆ నెల జీతంలోనే ఉంది.

సర్కారు ఆర్కెస్ట్రా మనకు ఉండేది. 1952లో ఢిల్లీ ఆకాశవాణిలో 'వాద్యవృంద' పేరుతో జాతీయ ఆర్కెస్ట్రా పెట్టారు. హిందుస్తానీ వైపు రవిశంకర్, కర్ణాటక వైపు టి.కె. జయరామ అయ్యర్ దాన్ని నడిపారు. తరువాతి కాలంలో మన ద్రాక్షారామం ఈమని శంకరశాస్త్రి గారు, ఆ వీణ మహానుభావుడు, దానికి స్వరరచన చేసి నిర్వహించారు. సింఫనీ ఆర్కెస్ట్రాలో ఒకే సమయంలో వేరు వేరు స్వరాలు ఒకదానిమీద ఒకటి నిలబడతాయి. వాద్యవృందలో రాగం ఒక్కటే వాద్యం నుంచి వాద్యానికి చేతులు మారుతుంది. సితార్ వదిలిన చోట వీణ అందుకుంటుంది, వేణువు దాన్ని పైకి తీసుకెళ్తుంది. అందులో ఉన్నవాళ్ళు ఉద్యోగులు. పొద్దున వచ్చి కలిసి సాధన చేసేవారు. ఒకే గదిలో ఏళ్ళ తరబడి కూర్చుంటేనే నలభై మంది విల్లులు ఒకేసారి ఆగుతాయి. పిలిచినప్పుడు వచ్చి వాయించి వెళ్ళేవాళ్ళతో అది కుదరదు. మీ నాన్నగారికి ఇది నేను చెప్పనక్కర్లేదు.

దాని వెనుక ఇంకో కథ ఉంది, అది మీ బ్యాండు కుటుంబం వినాలి. రవిశంకర్ గురువు అల్లావుద్దీన్ ఖాన్. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో అమ్మానాన్నలు పోయిన పిల్లల్ని మధ్యప్రదేశ్‌లోని మైహర్‌లో చేరదీసి, వాళ్ళతో బ్యాండు కట్టారు. తుపాకీ గొట్టాలను కొలతలకు కోయించి నల్‌తరంగ్ అనే వాద్యం చేయించారు. అనాథ పిల్లల బ్యాండు పెట్టిన మనిషి శిష్యుడే దేశపు ఆర్కెస్ట్రాను మొదట నడిపాడు. బ్యాండుకీ ఆర్కెస్ట్రాకీ మధ్య మనం అనుకున్నంత దూరం లేదమ్మా.

ఇక బయటి దేశాలు. ఫిన్లాండ్‌కు స్వాతంత్ర్యం వచ్చింది 1917లో. కానీ 1900లోనే, రష్యా చక్రవర్తి పాలనలో ఉండగానే, హెల్సింకి ఆర్కెస్ట్రా పారిస్ ప్రదర్శనకు వెళ్ళి తమ దేశపు స్వరకర్త సిబేలియస్ సంగీతం వాయించింది. దేశం ఇంకా పటం మీద లేదు, ఆర్కెస్ట్రా ముందుగా వెళ్ళి మేమున్నామని చెప్పింది. చెక్ వాళ్ళది కూడా ఇంచుమించు అంతే. ఆస్ట్రియా పాలనలో ఉండగా 1896 జనవరి 4న చెక్ ఫిల్హార్మోనిక్ మొదటి కచేరీని వాళ్ళ స్వరకర్త డ్వొరాక్ స్వయంగా నడిపించాడు. జపాన్‌లో 1926లో మొదలైన ఆర్కెస్ట్రాను తరువాత రేడియో సంస్థ ఎన్‌హెచ్‌కే తన నీడలోకి తీసుకుంది. రేడియో జీతమిచ్చింది కాబట్టి నిలిచింది.

అమెరికా రాజధానిలో నేషనల్ సింఫనీ పుట్టింది 1931లో, పనులు లేక జనం రోడ్ల మీద పడ్డ రోజుల్లో. హాన్స్ కిండ్లర్ అనే చెల్లో విద్వాంసుడు నిలబెట్టాడు. 1977లో దాని పగ్గాలు రష్యా చెల్లో విద్వాంసుడు రోస్త్రొపోవిచ్ చేతికి వచ్చాయి. మరుసటి ఏడాది సోవియట్ ప్రభుత్వం ఆయన పౌరసత్వం తీసేసింది. 1990లో అది తిరిగి ఇచ్చాక ఆయన మాస్కోకు వెళ్ళినప్పుడు ఒక్కడే వెళ్ళలేదు, ఆ వాషింగ్టన్ ఆర్కెస్ట్రానంతా వెంటబెట్టుకుని వెళ్ళాడు. సొంత ఊరికి పరాయి దేశపు వాద్యకారులతో కలిసి తిరిగి రావడం! రాయబారులు చేయలేని పని అది.

ఇంకొక్కటి. 1942లో లెనిన్‌గ్రాడ్‌ను జర్మన్ సైన్యం చుట్టుముట్టి ఉంది. తిండి లేక మనుషులు రాలిపోతున్నారు. రేడియో ఆర్కెస్ట్రాలో వాయించగల వాళ్ళు కొద్దిమందే మిగిలారు. రష్యా స్వరకర్త షొస్తకోవిచ్ రాసిన ఏడో సింఫనీకి దాదాపు వంద మంది కావాలి. ఆ ఆర్కెస్ట్రాను నడిపే కార్ల్ ఎలియాస్‌బెర్గ్ దొరికిన వాళ్ళను పోగుచేశాడు. చాలక, యుద్ధరంగంలో ఉన్న సైనిక బ్యాండుల నుంచి ఊదేవాళ్ళను రప్పించారు. వాద్యకారులకు కొంచెం అదనపు రేషన్ ఇచ్చారు. ఆగస్టు 9న వాయించారు, లౌడ్‌స్పీకర్లు పెట్టి శత్రువుకు కూడా వినిపించారు. ఆ రోజు ఆ సింఫనీని నిలబెట్టింది బ్యాండువాళ్ళమ్మా. మీ నాన్నగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి.


ఐలోని డోలు:

పెద్దసారు మంచిగ చెప్పిండ్రు. కానీ నాకొక బాధ ఉన్నది, చెప్పనియ్యుండ్రి. మేం ఒగ్గు డోలు, అంటే ఒగ్గుకథల డోలు, కొట్టేటోళ్ళం. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర్ల మా జట్టు దిగితె ఇరవై డోళ్ళు ఒక్క దెబ్బకు లేస్తయి, ఒక్క దెబ్బకు కూసుంటయి. కాగితం లేదు, కట్టె పట్టుకొని ముంగట నిలబడేటోడు లేడు. ముందు డోలు మనిషి భుజం కదిలిస్తె ఎనుకున్నోళ్ళకు ఎరుక. తాళాలు, నపీర అనే ఊదే వాద్యం, కనకడప్పు, అందరిదీ ఒక్క నడక. రామప్ప గుడి రాళ్ళ మీద డోళ్ళు, మద్దెలలు కొట్టేటోళ్ళు వరుసలు వరుసలుగ ఉంటరు, గుడి కట్టింది 1213లో. కాకతీయుల గజసేనాని జాయప నాట్యం మీద నృత్తరత్నావళి అనే గ్రంథం రాసిండు. మరి దేశం పేరు పెట్టుకునే ఆర్కెస్ట్రా అంటే వయొలిన్లే ఎందుకు కావాలె? మాకు కుర్చీలు ఎవరేస్తరు?


హన్మకొండ పాత వయొలిన్:

తమ్ముడూ, నీ మాటకు నేను ఎదురు చెప్పను. కుర్చీ నీకూ కావాలి. వాద్యవృందలో నాకు ఎప్పుడూ లోటుగా తోచింది అదే. వీణ, సితార్‌లకు దొరికిన చోటు డోలుకు, నపీరకు దొరకలేదు. అయితే క్లారినెట్టును మాత్రం పరాయిది అనకు. తిరుచ్చి ఏ.కె.సి. నటరాజన్ గారు దాని మీద పూర్తి కర్ణాటక కచేరీలు చేశారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. కాశిబుగ్గలో ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒక ఇంటి అన్నం దాని మీద ఉడికింది. ఇంక అది ఎవరిది?

అమ్మా, మీ నాన్నగారికి మొజార్ట్ 1791లో, చనిపోయిన ఏడాదే, క్లారినెట్టు కోసం రాసిన కన్సర్టో వినిపించండి. కన్సర్టో అంటే ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన. మధ్యలో వచ్చే నిదానపు భాగం నుంచి మొదలుపెట్టండి.


కాశిబుగ్గ క్లారినెట్:

అందరికీ దండాలు. ఆలస్యమైనందుకు ఏమనుకోకుండ్రి, వరుసగ పెండ్లిళ్ళుండె.

లెనిన్‌గ్రాడ్ ముచ్చట చదివి ఇనిపించిన. బాపు శాన సేపు మాట్లాడలె. "ఆకలికి పెదవులు ఒణుకుతయి బిడ్డా, ఊదుడు తీగ వాయించినట్టు కాదు" అన్నడు. అంతే అన్నడు.

పెద్దసారు చెప్పిన నిదానపు భాగం రాత్రి పెట్టిన. రెండోసారి ఇనేటప్పుడు లేసి పెట్టె తెచ్చుకున్నడు. బాపు క్లారినెట్టుకు కార్కులు ఎప్పుడో అరిగిపోయినయి, వాటి మీద నల్ల దారం చుట్టి మైనం రాస్తడు. రీడు నాలుక మీద తడుపుకుంట కండ్లు మూసుకొని ఇన్నడు. "శంకరాభరణం మెట్లే" అన్నడు. ఫోన్‌తోటి కలిపి మొదటి వరుస పట్టుకున్నడు గాని వేళ్ళు తడబడ్డయి. ముప్పై ఎనిమిదేండ్ల చెయ్యి అట్ల తడబడుడు నేనెప్పుడు చూడలె. మళ్ళ మళ్ళ పెట్టిపిచ్చిండు. ఆఖరుకు "తప్పు నా చేతిల లేదు, ఆయన క్లారినెట్టే నాదానికన్న అర స్వరం కింద ఉన్నది" అన్నడు. సారూ, ఇది నిజమేనా?


హన్మకొండ పాత వయొలిన్:

నిజమేనమ్మా! అక్షరాలా నిజం. బ్యాండు క్లారినెట్టు 'బి ఫ్లాట్' అనే శ్రుతిది. ఆ కన్సర్టో రాసింది 'ఏ' (A) అనే శ్రుతి క్లారినెట్టుకు, అది సరిగ్గా అర స్వరం కింద. అందుకే ఆర్కెస్ట్రాలో ఒక్కొక్కరు రెండు క్లారినెట్లు దగ్గర పెట్టుకుంటారు. ఫోన్‌లో విని ఆ తేడా పట్టేసిన చెవికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఆయన్ను ఒకసారి మా ఇంటికి తీసుకురండి. నేను వయొలిన్‌తో ఆర్కెస్ట్రా వరుస వాయిస్తాను, ఆయన బి ఫ్లాట్‌కు వీలైన మెట్టులోకి మార్చి ఇద్దరం పట్టుకుందాం.


సిరిసిల్ల నుంచి భివండి:

అక్కా, సెప్టెంబర్ సీజన్ తేదీలు రాంగనే నీకు పంపుత. రెండు టికెట్లు నావి. భివండిల మా ఇంట్ల దిగుండ్రి, జొన్నరొట్టె దొరుకుతది.


కాశిబుగ్గ క్లారినెట్:

తమ్మీ, బాపును అడిగిన. వినాయకుని నిమజ్జనం అయినంక ఎంగిలిపూల బతుకమ్మ దాక పెద్దల దినాలు, ఆ పదిహేను రోజులు బ్యాండుకు పని ఉండదు. తేదీలు ఆ నడుమ పడితె కాజీపేటల కోణార్క్ ఎక్కుతం. డోలన్నా, నువ్వు గూడ వస్తవా? మూడో టికెట్ నేను తీసుకుంట.

పెద్దసారూ, వచ్చే బేస్తవారం బాపుకు బారాత్ లేదు. పొద్దున పదింటికి మీ ఇంటికి వస్తం. రీడు కొత్తది కొనుక్కున్నడు.