క్వాంటం సంభావ్యత మన తెలియనితనానికి కొలతేనా?

ప్రశ్న (బీఎస్సీ విద్యార్థి, శ్రీకాకుళం):
తుపాను ఎక్కడ తీరం దాటుతుందో మొదట విశాలమైన పట్టీగా చెప్పి, సమాచారం చేరేకొద్దీ ఆ పట్టీని కుదిస్తారు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన నాటి నుంచి మా జిల్లాలో ఈ సంగతి తెలియనివారు లేరు. అక్కడ సంభావ్యత అంటే మనకు తెలియనిదానికి కొలత. ఎలక్ట్రాన్ తెర మీద ఎక్కడ పడుతుందో చెప్పే సంభావ్యత కూడా అలాంటిదేనా? మా పాఠ్యపుస్తకం తరంగ ప్రమేయపు (ఎలక్ట్రాన్ స్థితిని వర్ణించే గణిత ప్రమేయం) వర్గమే సంభావ్యత అని ఒక్క వాక్యంలో చెప్పి లెక్కల్లోకి వెళ్లిపోయింది.

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, విజయనగరం):
బాబూ, 1926లో ఈ సూత్రాన్ని ప్రతిపాదించిన భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్ వ్యాసంలో కూడా ఆ వర్గం మాట అచ్చు దిద్దేటప్పుడు చేర్చిన అధోజ్ఞాపికలోనే ఉంది. దానికి నోబెల్ 1954లో గాని రాలేదు.

అసలు తేడా కూడికలో ఉంది. శ్రీకాకుళం నుంచి మా ఊరికి రణస్థలం మీదుగా ఒక దారి ఉండగా చీపురుపల్లి మీదుగా మరొకటి తెరిస్తే, వచ్చేవారు పెరుగుతారే గాని తగ్గరు. ఎలక్ట్రాన్లను రెండు సన్నని చీలికల గుండా తెర మీదకు పంపే జంట చీలికల ప్రయోగంలో ఒక్కో చీలికను విడిగా తెరిచినప్పుడు తెర మీద ఒక బిందువుకు ఎలక్ట్రాన్ చేరే అవకాశం ఒక్కో వంతు అనుకుంటే, రెండూ తెరిచినప్పుడు రెండు వంతులు కావాలి. కాని కొన్ని చోట్ల నాలుగు వంతులు, కొన్ని చోట్ల సున్నా వస్తుంది. ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపినా చివరికి తెర మీద ఏర్పడేది ఈ ఎక్కువ తక్కువల చారలే. ముందుగా కూడేది సంభావ్యతలను కాదు, రుణ విలువలు కూడా తీసుకోగల ఆంప్లిట్యూడ్లను, అంటే తరంగ ప్రమేయపు విలువలను. వర్గం చేయడం ఆ తరువాత. తెలియనితనం ఇలా ఒకదానినొకటి కొట్టివేసుకోదు.

జవాబు (పరిశోధక విద్యార్థిని, బొబ్బిలి):
మాస్టారూ, మీ చివరి వాక్యంతో మాత్రం ఏకీభవించలేను. 1952లో డేవిడ్ బోమ్ ప్రతిపాదించిన సిద్ధాంతంలో ఎలక్ట్రాన్ ఏదో ఒక చీలిక గుండానే వెళ్తుంది, దాని తొలి స్థానమే మనకు తెలియదు; అయినా చారలు అలాగే వస్తాయి, ఎందుకంటే తరంగం రెండు చీలికల గుండా వెళ్లి ఆ ఎలక్ట్రాన్‌ను నడిపిస్తుంది. కనుక చారలను చూసి తెలియనితనాన్ని తోసిపుచ్చలేము. 1964లో జాన్ బెల్ నిరూపించింది, అలా దాగి ఉన్న విలువలు తమ పరిసరాలకే పరిమితమై ఉంటే క్వాంటం సిద్ధాంతపు ఫలితాలన్నింటినీ ఇవ్వలేవని. ఆస్పె, క్లౌసర్, జైలింగర్‌లకు 2022 నోబెల్ వచ్చింది ఆ దిశగా చేసిన ప్రయోగాలకే. తెలియనితనమని అనదలచుకుంటే దూరాన జరిగేది ఇక్కడి ఫలితాన్ని తక్షణమే ప్రభావితం చేస్తుందని కూడా ఒప్పుకోవాలి. పైగా బోమ్ లెక్క ప్రకారం ఈ పట్టీ, తుపాను పట్టీలా కాకుండా, ఎంత సమాచారం చేర్చినా బోర్న్ సూత్రం (ఆ వర్గం) ఇచ్చే దానికంటే సన్నబడదు.

జవాబు (విజయనగరం):
అభ్యంతరం న్యాయమైనదే. "తరంగం లేని తెలియనితనం" అని రాయవలసింది.