‘పింక్ ఫ్లాగ్’ చేసిన వైర్, ‘154’ చేసిన వైర్ ఒకటేనా?

ప్రశ్న (ఒంగోలు శ్రోత)

లండన్ పంక్ (కోపంగా, వేగంగా సాగే రాక్ సంగీతం) బృందం వైర్‌ను నేను హాస్టలు రోజుల్లో ‘పింక్ ఫ్లాగ్’ ద్వారా ఎరుగుదును. 1977లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో దాదాపు 35 నిమిషాల్లోనే 21 పాటలు అయిపోతాయి. వాటిలో ఒకటి అర నిమిషమైనా ఉండదు. మొన్న రాత్రి కందుకూరు బస్సులో వారి ‘154’ను మొదటిసారి విన్నాను. 1979 నాటి ఆ ఆల్బమ్‌లోని నెమ్మదైన నడక, పొరలు పొరలుగా పరుచుకునే కీబోర్డుల నాదం విని, పొరపాటున ఇంకెవరిదో పెట్టుకున్నానేమోనని ఫోను తీసి చూసుకున్నాను. రెండేళ్లలో ఆ కోపమంతా ఎక్కడికి పోయింది? సెక్స్ పిస్టల్స్, క్లాష్ వంటి పంక్ బృందాల పేర్లు తెలిసినవారు కూడా వీరిని ఎరుగకపోవడానికి ఈ మార్పే కారణమా?

జవాబు (పొదలకూరు నుంచి)

ఒంగోలు మిత్రులు నడుమనున్న మెట్టును దాటేశారు. 1978 నాటి ‘ఛైర్స్ మిస్సింగ్’ వినకుండా ‘154’కు వెళితే ఎవరికైనా ఈ తికమక తప్పదు. మూడింటికీ నిర్మాత మైక్ థార్న్. రెండో ఆల్బమ్‌లో ఆయనే స్వయంగా కీబోర్డులు, సింథసైజర్ వాయించారు కనుక మీరు విన్న ఆ నాదానికి మొదలు అక్కడే ఉంది.

అసలు ‘పింక్ ఫ్లాగ్’లో ఉన్నది కోపమేనా అన్నది నా అనుమానం. చెప్పవలసిన మాట అయిపోగానే పాటను ఆపివేయడం వారి పద్ధతి. మన చాటుపద్యం నాలుగు పాదాల్లో పని ముగించుకుని వెళ్లిపోతుంది చూడండి, అటువంటి పొదుపు అది. ఇక ‘154’ అన్న పేరు అప్పటికి వారు ఇచ్చిన కచేరీల లెక్క. ఆ కచేరీల్లో విడుదలైన పాటల కంటే ఇంకా రికార్డు చేయని పాటలనే ఎక్కువగా వాయించేవారు కాబట్టి, మనకు హఠాత్తుగా తోచే మార్పు వారికి రోజువారీ పనిలో వచ్చిందే.

జవాబు (కావలి పాఠకుడు)

పేరు రాకపోవడానికి కారణం మార్పు కాదు, మొండితనం. 1980లో విడిపోయి 1985లో మళ్లీ కలిసిన ఈ నలుగురు, 1987లో అమెరికా పర్యటనకు వెళ్లినప్పుడు పాత పాటలు వాయించడానికి ఇష్టపడక, వాటి కోసం ఎక్స్ లయన్ టేమర్స్ అనే అనుకరణ బృందాన్ని వెంట తీసుకువెళ్లారు. వాళ్లు ముందుగా వేదికెక్కి ‘పింక్ ఫ్లాగ్’ వాయించేవారు. ఆ తరువాత అసలు బృందం కొత్త పాటలతో వచ్చేది. మెచ్చుకునేవారు మెచ్చుకోవచ్చు గానీ, టిక్కెట్టు కొన్న శ్రోతగా ఆలోచిస్తే నాకు అందులో కొంత అహంకారమే కనిపిస్తుంది.

డ్రమ్ముల పని చేసే యంత్రాల మీద మోజు ఎక్కువై, డ్రమ్మర్ రాబర్ట్ గోటోబెడ్‌కు చేతినిండా పని లేకుండా పోవడంతో ఆయన 1990లో వెళ్లిపోయారు. మిగిలిన ముగ్గురూ ఇంగ్లీషు పేరులోని చివరి అక్షరాన్ని తీసివేసి, 1991లో ఒక ఆల్బమ్ తెచ్చారు. ఆ తరువాత నలుగురూ కలిసి 2003లో చేసిన ‘సెండ్’ను మాత్రం ఒంగోలు మిత్రులు తప్పక వినాలి; పోయిందనుకున్న ఆ వేగమంతా అందులో మరింత కరకుగా తిరిగి వచ్చింది.

జవాబు (పొదలకూరు నుంచి)

అహంకారమన్న మాటతో నేను ఏకీభవించను గానీ, ఆ పర్యటనలో డబ్బు పెట్టి వెళ్లినవారి మాట మీరు చెప్పినట్లే ఉండి ఉంటుంది. పేరు సంగతికి వస్తే, జనానికి బృందం తెలియకపోయినా పాటలు తెలుసు. ‘పింక్ ఫ్లాగ్’లోని ‘స్ట్రేంజ్’ను అమెరికా బృందం ఆర్.ఇ.ఎం. 1987లో తమ ‘డాక్యుమెంట్’ ఆల్బమ్‌లో పాడింది. బ్రిటన్ బృందం ఎలాస్టికా పాట ‘కనెక్షన్’లోని గిటారు వరుస వైర్ పాట ‘త్రీ గర్ల్ రుంబా’ను పోలి ఉందన్న వివాదం కోర్టు బయటే పరిష్కారమైంది.

ఒంగోలు శ్రోత

ఇద్దరికీ ధన్యవాదాలండి. ‘ఛైర్స్ మిస్సింగ్’లో ఏ పాటతో మొదలుపెట్టమంటారు?

జవాబు (పొదలకూరు నుంచి)

‘ఔట్‌డోర్ మైనర్’తో మొదలుపెట్టండి. ఆల్బమ్‌లో అది రెండు నిమిషాలైనా లేదు. సింగిల్‌గా (విడి పాటగా) విడుదల చేసేటప్పుడు నడుమ పియానో చేర్చి సాగదీశారు, అయినా బ్రిటన్ అమ్మకాల పట్టికలో 51వ స్థానం దాటలేదు. మీరు పొట్టిదే వినండి. ఇంత తీయని బాణీ ఏ ప్రేమ గురించో అనుకుంటాం గానీ, ఇక్కడ ‘మైనర్’ అంటే తొలిచేది; అది ఆకు లోపల తొలుచుకుంటూ బతికే పురుగు గురించిన పాట. మా నిమ్మతోటలో లేత ఆకుల మీద వెండి గీతలు వంకరటింకరగా కనిపించినప్పుడల్లా, మందు కొట్టడానికి ముందు నాకు ఆ పాటే గుర్తుకు వస్తుంది.