పాత సింథ్ కొనాలా, కంట్రోలర్‌తో సరిపెట్టుకోవాలా?

కొత్తచెయ్యి:
ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకుంటున్నాను. ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (వాయిద్యాన్ని కంప్యూటర్‌కు కలిపే పెట్టె), హెడ్‌ఫోన్స్, అంతే నా సరంజామా. సెకండ్ హ్యాండ్‌లో రెండు సింథ్‌లు (లోపలే సౌండ్ పుట్టించే ఎలక్ట్రానిక్ కీబోర్డులు) కనిపించాయి, ఒకటి 1983లో వచ్చిన యమహా డీఎక్స్7, ఇంకోటి 2012 నాటి ఎంఎక్స్61. మనసేమో డీఎక్స్7 మీదే ఉంది. తెలిసినవాళ్లు మాత్రం రెండూ వద్దు, సొంత సౌండ్ లేని కంట్రోలర్ కీబోర్డు ఒకటి కొనుక్కుని కంప్యూటర్‌లో సౌండ్ ఇచ్చే ప్లగిన్లు వాడుకో అంటున్నారు. మీరేమంటారు?

రాత్రిరికార్డింగ్:
మీవాళ్లు చెప్పిందే కరెక్టు. డీఎక్స్7 సౌండ్ కోసం డీఎక్స్7 కొనడం ఎందుకండీ? డెక్సెడ్ అని ఉచిత ప్లగిన్ ఉంది, సౌండ్ పుట్టించే అవే 6 ఆపరేటర్లు, వాటిని కలిపే అవే 32 అల్గారిదమ్‌లు, అప్పటి ప్యాచ్‌లు (దాచుకున్న సౌండ్లు) ఉన్న సిసెక్స్ ఫైళ్లు కూడా నేరుగా తీసుకుంటుంది. అసలు కీబోర్డులో అయితే లోపల 32 ప్యాచ్‌లే, అవుట్‌పుట్ మోనో, రివర్బ్, కోరస్ లాంటివేమీ ఉండవు. పోనీ కంట్రోలర్‌గానైనా పనికొస్తుందా అంటే, కీస్‌ను ఎంత గట్టిగా కొట్టినా మిడీలో (వాయిద్యాలు, కంప్యూటర్ మాట్లాడుకునే భాష) వెలాసిటీని, అంటే కీ నొక్కిన వేగాన్ని, గరిష్ఠమైన 127 దాకా పంపదు, ప్లగిన్ వైపు కర్వ్ సరిచేసుకోవాలి.

ఎనిమిదిబార్లు:
ఒప్పుకోను. మూడేళ్లు ప్లగిన్లతోనే ఉన్నాను, ప్రీసెట్లు తిప్పుతూ కూర్చుంటే తెల్లారిపోయేది, పాట మాత్రం ఎనిమిది బార్ల (తాళావర్తాల) దగ్గరే ఉండేది (పేరు అందుకే పెట్టుకున్నా). ఇప్పుడు 1988 నాటి కోర్గ్ ఎం1 వాడుతున్నా. మొత్తం 16 వాయిస్‌లు (ఒకేసారి పలికే స్వరాలు), రెండు ఆసిలేటర్లు (సౌండ్ మూలాలు) కలిసి పలికే సౌండ్ ఎంచుకుంటే 8కి పడిపోతుంది, పెడల్ తొక్కి పెద్ద కార్డ్‌లు వేస్తే ముందు వాయించిన స్వరాలను మింగేస్తుంది. దాంతో ఎడమచెయ్యి తగ్గించి వాయించడం అలవాటైంది, నిజానికి పాట కూడా బాగుపడింది. ఒక్కో పార్ట్ ఆడియోగా రికార్డు చేసేస్తా, తర్వాత సౌండ్ మార్చే వీలుండదు కాబట్టి ముందుకే పోతా.

రాత్రిరికార్డింగ్:
అది మన అలవాటులో ఉన్న ఇబ్బంది అన్నా, ప్లగిన్‌ది కాదు. ట్రాకును బౌన్స్ చేసి, అంటే ఆడియోగా మార్చేసి, ప్లగిన్ తీసేస్తే అదే కదా?

ఎనిమిదిబార్లు:
అదే. నువ్వు చేస్తున్నావా మరి?

సోల్డర్‌పొగ:
మీరిద్దరూ సౌండ్ దగ్గరే ఆగిపోయారు. నా బల్ల మీదికి రిపేరుకు వచ్చేవాటిలో సౌండ్ చిప్ పోయినవి తక్కువ. రోలాండ్ జూనో-106 సింథ్ సంగతి వేరు, దాని వాయిస్ చిప్‌లు పోతాయని అందరికీ తెలిసిందే. ఎక్కువగా పాడయ్యేవి కీస్. చాలా కీబోర్డుల్లో ఒక్కో కీ కింద రెండు రబ్బరు కాంటాక్ట్‌లు ఉంటాయి, మొదటిది తగిలాక రెండోది ఎంత త్వరగా తగిలిందో చూసి వెలాసిటీ లెక్కేస్తుంది. ఒకదాని కింద మురికి చేరితే లెక్క తప్పుతుంది, మెల్లగా నొక్కినా ఒక్క స్వరం గట్టిగా అరుస్తుంది, లేదా అసలు పలకదు. మురికైతే తుడిస్తే పోతుంది, రబ్బరు చిరిగితే ఆ మోడల్‌కు ముక్క దొరకాలి. సౌండ్ కావాలంటే ప్లగిన్‌లో తెచ్చుకోవచ్చు, కీస్‌ను ఎక్కణ్నుంచి దింపుకుంటారు?

కాబట్టి ఏది కొన్నా, కింది కీ నుంచి పై కీ దాకా నల్లవీ తెల్లవీ వరసగా ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కి చూడండి. హెడ్‌ఫోన్ సాకెట్ పనిచేసిందని వచ్చేయకండి, మీరు రికార్డు చేసేది ఇంటర్‌ఫేస్‌కు కలిపే లైన్ అవుట్ సాకెట్ నుంచి. అన్నిటికన్నా ముఖ్యం, మీరు వెళ్లేదాకా దాన్ని ఆన్ చేయొద్దని అమ్మేవారికి చెప్పండి. చల్లగా ఉన్నప్పుడే డిస్‌ప్లే మొరాయించడం, ట్యూనింగ్ తప్పడం బయటపడతాయి. మెమరీ బ్యాటరీ అయిపోయి ప్యాచ్‌లు పోయాయంటే భయపడకండి, బ్యాటరీ మార్చి సిసెక్స్‌తో మళ్లీ ఎక్కించుకోవచ్చు, బేరానికి మాత్రం పనికొస్తుంది. వెనక లేబుల్ మీద ఎన్ని వోల్టులో చూడకుండా ప్లగ్ పెట్టకండి, జపాన్‌లో అమ్మినవి 100 వోల్టులవి.

కొత్త మోడల్ కదా అని యూఎస్‌బీని గుడ్డిగా నమ్మడం కూడా తప్పే. చాలా సింథ్‌లకు కంపెనీ డ్రైవర్ కావాలి, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు డ్రైవర్ రాకపోతే ఆ సాకెట్ ఉండీ లేనట్టే. ఐదు పిన్నుల మిడీ అయితే 1983 నాటిది కూడా ఈరోజు మాట్లాడుతుంది.

కొత్తచెయ్యి:
డెక్సెడ్ దింపుకుని విన్నాను, డీఎక్స్7 మీద మోజు సగం తీరింది. రేపు ఎంఎక్స్ చూడబోతున్నా. నేను వచ్చేదాకా ఆన్ చేయొద్దని ఫోన్‌లో చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “కింద సి కీ ఒకటి కొంచెం సతాయిస్తుందండీ” అన్నారు.

సోల్డర్‌పొగ:
ఒక్క సి దగ్గరే ఆగకండి, దాని చుట్టుపక్కలవి కూడా నొక్కండి. చాలావాటిలో రబ్బరు ఒక్కో కీకి విడిగా ఉండదు, పట్టీలా కొన్ని కీస్‌కు కలిపి ఉంటుంది.