మార్కుల గడిలో పట్టని చదువు

ప్రశ్న: ఐదో తరగతికి చెబుతాను. ప్రామాణిక పరీక్ష (అన్ని బడుల పిల్లలకూ ఒకేలా పెట్టేది) దగ్గర పడగానే సైన్సు ప్రయోగాలు అటకెక్కాయి. ఏడాది మొదట్లో అక్షరాలు కూడబలుక్కున్న పాప ఇప్పుడు కథల పుస్తకం తనంతట తానే చదువుతోంది. నివేదికలో మాత్రం ‘ప్రమాణం అందుకోలేదు’. తప్పు నా ఖాతాలో! మీరెలా నెట్టుకొస్తున్నారు?

జవాబు 1: అమెరికాలో 2002 నాటి చట్టం 2014 కల్లా పిల్లలందరూ చదవడంలో, లెక్కల్లో ప్రమాణం అందుకోవాలంది. నూటికి నూరు మందీనట! కుదరక 2015లో చట్టాన్నే మార్చారు. ఏటా పరీక్షలు మాత్రం పోలేదు.

జవాబు 2: పరీక్షే వద్దంటే ఒప్పుకోనండి. ఆ 2002 చట్టం కింద పేద పిల్లల మార్కులు విడిగా చూపాల్సి రావడం వల్లే కొన్ని బడుల బండారం బయటపడింది. ఒక్కరోజు మార్కులకు టీచరు ఉద్యోగాన్ని ముడిపెట్టడంతోనే నా పేచీ.

ప్రశ్న అడిగినవారు: నాదీ అదే పేచీ. పాప పాత నోటుపుస్తకం, కొత్తది పక్కపక్కన పెట్టి ప్రధానోపాధ్యాయురాలికి చూపించాను. “బాగుందమ్మా, దీనికి పట్టికలో గడి లేదే” అన్నారు.