గ్యాలరీకి ఇచ్చిన పెద్ద కాన్వాస్ వదులైపోతోంది, ఏం చేయాలి?

విశాఖలో ఉంటాను. భీమిలి తీరం, ఎర్రమట్టి దిబ్బలు అక్రిలిక్‌లో వేసి ఇక్కడి గ్యాలరీలకు ఇస్తుంటాను. 3 అడుగుల లోపు బొమ్మలతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇప్పుడు 6×4 అడుగుల కాటన్ కాన్వాస్‌తోనే తంటా. ఇంట్లో డప్పులా బిగువుగా ఉంటుంది. గ్యాలరీలో పెట్టిన వారానికి కింది అంచు దగ్గర ముడతలు. (సముద్రం బొమ్మే అయినా ఆ అలలు నేను వేసినవి కావు!) ఫ్రేమ్ పైన్ చెక్క, ఒకటిన్నర అంగుళం మందం, మధ్యలో అడ్డకర్ర లేదు. ఏసీ పగలు మాత్రమే వేస్తారు.

మూలల్లో చెక్క చీలలు కొట్టాను. వెనక నీళ్లు చల్లి ఆరబెడితే రెండు రోజులు బిగిసి మళ్లీ జారింది. పిన్నులు పీకి కొత్తగా లాగి కొట్టినా అంతే.

తీరప్రాంతంలో ఇంత పెద్దవి వేసేవాళ్లు చెప్పండి: అడ్డకర్ర వేస్తే సరిపోతుందా, కాటన్ మానేసి లినెన్‌కు మారాలా?